గుడ్డ కప్పిన అద్దం

వీగో రేవు మీద మూడు రోజులుగా ఒకటే ముసురు.
ఆస్పత్రి నాలుగో అంతస్తు కిటికీలోంచి చూస్తే
ఆల్చిప్పలు పెంచే తెప్పలు
సముద్రానికి వేసిన అతుకుల్లా కనిపిస్తాయి.

అక్కడే పోయింది ఎలాదియో ఎడమచెయ్యి,
తాడు చుట్టే యంత్రంలో,
పదకొండేళ్ళ కిందట.
పోయింది చెయ్యే. పిడికిలి పోలేదు.
"రాత్రి రెండింటికి బిగుసుకుంటుంది, సబేలా.
గోళ్ళు అరచేతిలోకి దిగుతాయి.
ఏ గోళ్ళని అడక్కు. ఏ అరచెయ్యని అడక్కు."

అరచేతి పుండుకు అద్దం దేనికంటారు.
అరచెయ్యే లేనివాడికి
అద్దం పనికొస్తుందేమోనని మా పరిశోధన.
మందు లేదు, సూది లేదు, కత్తి లేదు.
బల్ల మీద నిలబెట్టిన అద్దం ఒక్కటే.
ఉన్న చెయ్యి ఇటు, లేనిది అటు.
ఉన్నదాన్ని మెల్లగా తెరిస్తే
లేనిది తెరుచుకున్నట్టు కంటికి కనిపిస్తుంది.
కంటి మాట మెదడు వింటుందా?
ఏమో.
ఆ ఏమో కోసమే నలభై రెండు కవర్లు.

సగం కవర్లలో అద్దం,
సగం కవర్లలో గుడ్డ కప్పిన అద్దం.
చీటీలు వేసింది కంప్యూటరు, చింపింది నేను.
ఎలాదియోకి గుడ్డ వచ్చింది.

ముదురు నీలం గుడ్డ.
నాలుగు వారాలు, రోజూ పావుగంట,
దానికేసి చూస్తూ
కుడిచెయ్యి మూశాడు, తెరిచాడు,
మూశాడు, తెరిచాడు.
"దీని వెనక ఉన్నది అద్దమేనా, అట్టముక్కా?"
"అద్దమే."
"అయితే అదీ నాలాంటిదే. పని తెలుసు, పని లేదు."
నవ్వాను. నవ్వకూడదని నియమం లేదు.
గుడ్డ తియ్యకూడదనే ఉంది.

సున్నా నుంచి పది దాకా, నొప్పి ఎంత?
మొదట్లో అంకె చెప్పేవాడు కాదు.
"ఇవాళ నైరుతి గాలి" అనేవాడు.
నా కాయితంలో నైరుతికి గడి లేదు.
"సరే, ఏడు రాసుకో."
ఏడు. ఏడు. ఎనిమిది. ఏడు.
ఏడవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పక్క గదిలో బల్బీనా,
చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చెయ్యి పోగొట్టుకున్న మనిషి,
ఎనిమిది నుంచి మూడుకి దిగింది.
ఆవిడ నవ్వు తలుపు సందులోంచి వస్తే
ఎలాదియో గుడ్డకేసే చూసేవాడు,
నాకేసి కాదు.
అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను.

ఒక పళ్ళెంలో బల్బీనా మూడు,
ఇంకో పళ్ళెంలో ఎలాదియో ఏడు.
ఈ ఏడు లేకపోతే ఆ మూడు కాకతాళీయం.
ఈ మాట సంతకం పెట్టించుకున్న రోజే చెప్పాను.
చెప్పడం వేరు,
రోజూ పొద్దున్నే గుడ్డ అంచులు సర్దడం వేరు.

శుక్రవారంతో లెక్క ముగిసింది.
గుడ్డ వచ్చినవాళ్ళకి ఇక అద్దం ఇవ్వొచ్చు.
సోమవారం గుడ్డ తీసేశాను.
"ఉంగరం తియ్యాలి" అన్నాను.
ఇన్నాళ్ళూ దాని అవసరం రాలేదు.
ముప్పై ఎనిమిదేళ్ళ ఉంగరం,
కణుపు దగ్గర మొరాయించింది. సబ్బు రాశాం.
వచ్చాక, వేలి చుట్టూ ఎండ చూడని తెల్లటి చార.
"ఆ చేతికి ఈ చార లేదు," అన్నాడు,
"గాలం గుచ్చుకున్న మచ్చ ఉండేది, బొటనవేలి మొదట్లో.
గియ్యి."
కలంతో గీశాను.
పొట్టిగా ఉందన్నాడు. ఇంకాస్త లాగాను.

అప్పుడు చూశాడు.
పిడికిలి చాలాసేపు కదల్లేదు.
"ముసలిదైపోయింది" అన్నాడు.
పదకొండేళ్ళు
అది తనతో పాటే ముడతలు పడుతుందని
అనుకోలేదు కాబోలు.
ముందు చిటికెనవేలు కదిలింది.
తర్వాత మిగతావి, వరస తప్పి.

"ఎంత?" అలవాటు కొద్దీ అడిగాను.
"అయిదు." కాసేపాగి,
"అయిదుకీ ఆరుకీ మధ్య."

పట్టిక శుక్రవారమే మూసేశాం.
ఈ అయిదుకి అందులో గడి లేదు.
మా నలభై రెండు మంది లెక్కలో
ఎలాదియో ఎప్పటికీ ఏడే.

వెళ్తూ వెళ్తూ ఉంగరం
సబ్బుపెట్టెలో మరిచిపోయాడు.
పోన్లే.
రేపు మళ్ళీ తియ్యక్కర్లేదు.