చివరి రెండు గడులు

నాన్న రిజిస్టరుకు గోనెగుడ్డ అట్ట.
చెదలకు భయపడి వేపనూనె రాసేవాడు.
మా ఇంట్లో బాప్తిస్మాలకూ చావులకూ
ఒకటే చేదు వాసన.

ముందు నుంచి పుట్టినవాళ్లు,
తిరగేస్తే వెనక నుంచి పోయినవాళ్లు.
నడిమి తెల్లకాగితాల్ని
రెండు వైపులా కొరుక్కుంటూ వచ్చేవారు.

సిరోంచ గుడికి అయ్యగారంటే
చాందా నుంచి రెండు నెలలకోసారి మనియార్డరు,
పొయ్యి దగ్గర తల్లులు తీసిపెట్టిన పిడికెడు బియ్యం.
అందులో సగం నూకలు.
దశమభాగమని ఒకాయన
పులిసిన ఇప్పపువ్వు బుట్టెడు తెచ్చాడు.
పెద్దలు ముక్కు మూసుకున్నారు.
నాన్న ప్రార్థన చేసి మరీ పుచ్చుకున్నాడు.
ఆ రాత్రి మా మేక నిలబడలేదు.

అమ్మకు తొమ్మిది కాన్పులు.
మిగిలింది నలుగురం.
ఆ ఏడు ప్రాణహిత గట్లెక్కింది.
డాక్టరు అవతలి ఒడ్డున,
పడవ ఇవతల మొద్దుకు కట్టేసి.
మూడో రోజు జ్వరంలో ఒనేసిము
"అక్కా, ఏరు ఇంకా అరుస్తోందా" అన్నాడు.
అరుస్తోందనే చెప్పాను.

పొద్దుగూకాక నాన్న లాంతరు దగ్గరికి లాక్కున్నాడు.
సంఖ్య ముప్పై ఒకటి. పేరు ఒనేసిము.
వయసు నాలుగేళ్లు. కారణం జ్వరం.
తండ్రి పేరు: దుర్గం సీలాసు.
సమాధి చేసినవారు: దుర్గం సీలాసు.
రెండుచోట్లా అదే గుండ్రటి రాత.
రెండో దాంట్లో మాత్రం
దుర్గం పక్కన సున్నా
సిరాతో పూడిపోయింది.

నాన్న పోయిన ఇరవై రోజులకు
కొత్త అయ్యగారు బండి దిగారు,
ముగ్గురు పిల్లలు, ఒక కుట్టు మిషను.
మంచివాడే.
"తొందరేం లేదమ్మా" అన్నాడు వాకిట్లో,
సామాను తాళ్లు విప్పకుండా.

నాన్న వరుస ఇంకా ఎవరూ రాయలేదు.
నేనే పెన్ను తీశాను.
పేరు రాశాను. వయసు ఉజ్జాయింపుగా రాశాను.
"నాన్నకు నాన్న ఎవరమ్మా?"

అమ్మ కోళ్లను గంప కిందికి తోలుతోంది.
"కరువులో మిషనువాళ్లకు దారిలో దొరికాడట.
దుర్గం అనేది
అక్కడ వంటాయన ఇంటిపేరు."

ఇంతమందికి తండ్రుల పేర్లు
అడిగి అడిగి రాసిన చేయి.

పెన్ను అక్కడే ఆగింది.
బయట కొత్త అయ్యగారి ఎద్దులు
మోరలెత్తి ఇంటివైపే చూస్తున్నాయి.
అమ్మ గంప మీద రాయి పెట్టి
వాటికి కుడితి తేవడానికి వెళ్లింది.