స్విచ్చులు ఎత్తులో ఉన్న ఇల్లు

వన్‌టౌన్‌లో ఆ ఇల్లు చూడ్డానికి పోయిన పొద్దు
నాకు మొదట కనపడింది స్విచ్చులే.
నా తల కన్నా జానెడు పైన,
దేవుని పటాలు తగిలించే ఎత్తులో.
మా మద్దిలేటి పదారేండ్లుగా
కర్నూలంతా తిరిగి కరెంటు పని చేసినోడు.
"ఎవుడప్పా ఈ వైరింగు చేసింది?" అని నవ్వినాడు.
గఫార్ సాబ్ నవ్వలేదు.
చేతికర్రతో గోడను తట్టి
సున్నం కింద నుంచి ఇంకా ఊరుతున్న
మట్టిరంగు గీతను చూపించినాడు.
"తొమ్మిదిలో వచ్చింది తుంగభద్ర. ఇక్కడిదాకా.
మూడు దినాలు కూచున్నది, చుట్టమొచ్చినట్టు.
పోయినంక స్విచ్చులు దానికి అందకుండా పెట్టిచ్చినా."

ఒకటిన్నర సెంటు. రెండు రూములు, వంటిల్లు.
కింద బేతంచెర్ల బండలు,
నడిచి నడిచి మధ్యలో గుంటపడి
యాడ నీళ్లు పోసినా అక్కడికే పోతాయి.
సందు ఎంతంటే,
ఎదురింటి తాళింపుకు ఈ ఇంట్లో తుమ్ములు.

హైవే మీద వెంచర్లూ చూసినాం.
రంగురాళ్లు, ఆర్చీ, మోకాలెత్తు కొబ్బరి మొక్కలు,
గొడుగు కింద ఒక పిల్లోడు,
"ఇంకో ఐదేండ్లకు చూడక్కా" అంటాడు.
ఆ ఐదేండ్లూ బస్సు లేని కాడికి
నైట్ డ్యూటీ దిగి నేనెట్లా పోవల్ల?
ఇక్కడైతే పెద్దాసుపత్రి గేటు నుంచి పన్నెండు నిమిషాలు.
నడిచి చూసినా, రెండు మార్లు,
ఒకసారి రాత్రి పదకొండుకు.
పాలంగడి వెలుతురు, అరుగుల మీద ముసలోళ్ల దగ్గు,
కుక్కలు కూడా ఒకసారి మొరిగి ఊరుకున్నాయి.

బ్యాంకాయన కాగితం తిప్పి చెప్పినాడు:
కట్టడం వయసు యాభై రెండు, విలువ సున్నా.
లోను జాగాకే.
బయటకొచ్చి చెరుకురసం తాగుతా
ఆ సున్నానే నమిలినాం.
ఇరవై ఒక్క లక్షలూ మట్టికంట.
ఆ సున్నాలోనే కదా మేం పండుకోవల్సింది.

ఇంకో సంగతి బ్రోకరు సుంకన్న చెప్పలేదు.
గడప పక్కన ఎర్ర రంగు బాణం,
దాని కింద నాలుగు అని అంకె.
పక్కింటి హుసేన్‌బీ చెప్పింది,
చేటలో బియ్యం చెరుగుతా, తల ఎత్తకుండా:
"రోడ్డు పెద్దది చేస్తారంట బేటీ. మీకు నాలుగడుగులు పోతాయి.
మాకైతే ఆరు."
ఆరు అన్నప్పుడు చేట ఆగింది.

మూలమీద పాత సినిమా హాలు పడగొట్టి
ఐదంతస్తులు లేపుతాండారు.
డ్రైనేజీ పైపులు వీధి పొడుగునా పడుకోని ఉన్నాయి,
వాటిల్లో పిల్లోళ్ల దాగుడుమూతలు.
టీకొట్టు నాగేషు గ్లాసు పన్నెండు చేసినాడు.
"కొత్తోళ్లు వస్తాండారు కదక్కా" అన్నాడు.
కొత్తోళ్లంటే మేమే అని
నాకు అర్థం కావడానికి సగం టీ పట్టింది.

రేటు తగ్గించమని మేం అడగకముందే
గఫార్ సాబ్ ఒక్క మాటన్నాడు:
"రోడ్డుకు పోయేదాన్ని నేనెట్లా అమ్ముతానమ్మా,
ఆ లెక్క తీసేయండి."
రిజిస్ట్రాఫీసులో మిషను ఆయన వేలిని గుర్తుపట్టలేదు.
నలభై ఏండ్లు గడియారాలు విప్పి బిగించిన వేళ్లు,
గీతలు అరిగిపోయినాయి.
చొక్కాకు తుడిచి, మళ్లీ తుడిచి,
నాలుగోసారికి పచ్చలైటు.

ఆదివారం మద్దిలేటి సుత్తి, ఉలి తీసుకోని పోయినాడు,
స్విచ్చులన్నీ నాలుగున్నర అడుగులకు దించుతానని.
మధ్యాహ్నం నేను అన్నం తీసుకపోతే
గోడకు ఆనుకోని నిలబడుకోని ఉన్నాడు.
గీత ఆయన గడ్డం కాడ.
ఉలి ఇంకా సంచిలోనే.

చివరికి ఒక్కటి దించినాడు,
పాప చదువుకునే మూలలో లైటుది.
మెయిను, ఫ్రిజ్జు, మోటరు పైనే ఉన్నాయి.
నాకొక స్టూలు తెచ్చినాడు,
సంతలో, నూటెనభైకి. ఒక కాలు పొట్టి.

కొళాయి బిల్లు ఇంకా గఫార్ సాబ్ పేరు మీదే వస్తాంది.
మార్పించాలి.
ముందు గోడకు సున్నం కొట్టిద్దామంటే
హుసేన్‌బీ వద్దంటుంది, ఆ బాణం చెరపొద్దంటుంది.
చెరిపితే మళ్లీ టేపు పట్టుకోని వస్తారంట,
ఈసారి ఐదు రాస్తారో ఏమో.