గాలి తిరిగేదాకా

కావలి బైపాస్ పక్కన చార్జింగ్ డబ్బా
నల్లటి ముఖంతో నిలబడి ఉంది.
కార్డు చూపించాను, ఫోను చూపించాను, అరచేత్తో తట్టాను.
కాపలా కుర్రాడు బఠాణీలు నములుతూ
"పొద్దుట్నుంచీ అంతే సార్, ఒంగోలు పోండి" అన్నాడు,
ఒంగోలు పక్కవీధిలో ఉన్నట్టు.

ఒంగోలు అరవై ఆరు కిలోమీటర్లు.
అద్దం కింద అంకె యాభై తొమ్మిది.
సెకండ్‌హ్యాండ్ బండి. దాని మాట
మా మేనమామ అప్పు తీరుస్తానన్న మాట,
కొంత కోసుకునే నమ్మాలి.

వెనకసీట్లో ఇరవై రొయ్యల గుంటల నీళ్లు
సీసాల్లో, ఐసు మధ్య.
సీసాకో రైతు పేరు.
ఎనిమిదికి ల్యాబు మూస్తారు.

ఏసీ ఆపాను.
మే నెల లోపలికొచ్చి పక్కన కూర్చుంది.
కిటికీ దించితే గాలి బండిని పట్టుకు లాగుతుంది,
ఎత్తితే నేనే ఉడుకుతాను.
పాట ఆపి, ఫోను వైరు పీకేశాను,
ఆ పిసరంతతో ఏమీ రాదని తెలిసీ.

యాభై ఐదు మీద పోతుంటే
వెనకంతా హారన్లే.
సుబాబుల్ మొద్దుల ట్రాక్టరు కూడా నన్ను దాటింది.
మొద్దుల మీద కూర్చున్న కుర్రాడు
జాలిగా చెయ్యూపాడు.

ఉలవపాడు దగ్గర చెయ్యెత్తింది ఆదెమ్మ,
నెత్తిన ఎండు నెత్తళ్ల గంప.
"సింగరాయకొండలో దించు నాయనా."
మనిషి నలభై ఐదు కిలోలు, గంప పన్నెండు...
లెక్క వేసుకుని, సిగ్గుపడి, తలుపు తీశాను.

"ఏంది ఇంత మెల్లగా? ఎవురన్నా పోయారా?"
చెప్పాను. ఇంకా నలభై ఉంది, అంకె ముప్పై నాలుగని.
ఆమె అంకె వైపు చూడలేదు,
అద్దంలోంచి తాటిచెట్ల తలలు చూసింది.

"పడమటిగాలి పక్కటెముకల్లో గుద్దతా ఉంటే
ఎట్టా పోతావ్? ఆపు.
పొద్దు వాలితే పైరగాలి లేస్తది.
దాని ముందు పోదువులే."

"ఇది పడవ కాదవ్వా."

"మా ఆయనది ఇంజన్ పడవే.
డీజిలు రేటు పెరిగినప్పుడల్లా
గాలినడిగి పోయేవోడు."

మామిడికాయల పందిరి కింద ఆగాం.
పందిరి యజమాని బంగినపల్లి రేటు చెప్పి,
నా ముఖం చూసి, ఊరికే ఒక ముక్క కోసిచ్చాడు.
ఐసు కరిగే చప్పుడు వినిపిస్తోందనిపించి
మూడుసార్లు వెళ్లి డబ్బా ముట్టుకొచ్చాను.
"నీకు తొందరలేదా అవ్వా?"
"ఎండిన చేపలు నాయనా, ఇంకేం చెడతయ్యి?"

అయిదూ ఇరవై.
అప్పటిదాకా పడమటి మాటలు వాగుతున్న తాటాకులు
నోరు మూసుకున్నాయి.
ఏమీ తోచనట్టు కాసేపు నిలబడ్డాయి.
తర్వాత ఒక్కొక్కటే
దక్షిణం మాట అందుకున్నాయి.
నా చొక్కా వీపుకు అంటుకుంది, ముందుకు ఉబ్బింది.
"ఇంక తోలు" అంది, చీర దులుపుకుంటూ.

అదే రోడ్డు, అదే యాభై ఐదు.
మన్నేరు వంతెన దిగుతూ పెడలు మీంచి కాలు తీశాను,
ముల్లు పచ్చగా వెనక్కి వాలింది,
కండక్టరు మర్చిపోయిన చిల్లర పిలిచి ఇచ్చినట్టు.
కింద ఏరంతా ఇసుక.
ముప్పై ఒకటి. ముప్పై ఒకటి. ఇంకా ముప్పై ఒకటే.
రాళ్లు వెనక్కి పోతున్నాయి,
అంకె కదలడం మర్చిపోయింది.

సింగరాయకొండలో దిగి
పేపర్లో చుట్టిన దోసెడు నెత్తళ్లు సీటు మీద పెట్టింది.
డబ్బులు తీయబోతే
"గమ్మునుండు" అని సెంటర్లో కలిసిపోయింది.

టంగుటూరు టోల్ దాకా ధైర్యంగా ఉన్నాను.
వల్లూరు దాటాక తాబేలు బొమ్మ వెలిగింది.
ఆ తర్వాత రోడ్డు నాకు గుర్తులేదు,
నా గుండె, ఒక లారీ వెనక ఎర్రదీపం, అంతే.

ఒంగోలు చార్జర్లో ప్లగ్గు దిగినప్పుడు
అంకె మూడు. టైము ఏడున్నర.
సీసాల డబ్బా చంకన పెట్టుకుని
ల్యాబుకి ఆటో ఎక్కితే
డ్రైవరు ముక్కు ఎగబీల్చాడు. "నెత్తళ్లా సార్?"

ఇప్పుడు దూరం బయల్దేరే ముందు
చార్జర్లు ఎక్కడున్నాయో ఫోన్లో చూస్తాను.
తర్వాత మేడెక్కి
పక్కింటివాళ్లు ఆరేసిన లుంగీ
ఎటు ఊగుతోందో చూస్తాను.