మూత

గోడకి పేదరికం సరిపోలేదన్నాడు
ఆర్ట్ డైరెక్టరు.
సంచీలోంచి మసి తీసి
కుర్రాడి చేత పూయించాడు,
మూలల్లో దట్టంగా, కిటికీ కింద కాస్త పల్చగా.

అమ్మ గుమ్మం బయట నిలబడి చూసింది.
పోర్టు మీంచి గాలి తిరిగినప్పుడల్లా
జ్ఞానాపురం మీద రాలే బొగ్గుని
పదకొండేళ్లుగా తడిగుడ్డతో తుడుస్తున్న మనిషి.
"అడిగితే మనమే ఇద్దుం గదే,
డబ్బులెట్టి కొనుక్కొచ్చేరేటి?" అంది,
నాకు మాత్రమే వినబడేలా.

మూడు రోజులు ఇల్లు వాళ్లది.
అద్దె ఇంటాయన సన్నాసిరావు జేబులోకెళ్లింది.
మాకు బిర్యానీ పొట్లాలు,
జనంలో నిలబడినందుకు మనిషికి నాలుగొందలు.

నాన్న మంచం మీద పడుకుని
ఇంకెవరో నాన్న దగ్గుతున్నాడు.
మా నాన్నకి దగ్గు లేదు.
వించ్ గొలుసు తెగి కాలు పోయింది.
అది తెర మీద పండదట.
అరుగు మీద కర్ర పక్కన పెట్టుకుని
ఆ దగ్గుల్ని వేళ్ల మీద లెక్కపెట్టి
"ఆరోది బాగుంది" అన్నాడు నాన్న.
వాళ్లు తొమ్మిదోది ఉంచుకున్నారు.

రెండో రోజు అమ్మకి వేషం దొరికింది.
బిందెతో మలుపు తిరిగి రావాలి, అంతే.
"బరువు కనబడట్లేదమ్మా, ఇంకోసారి."
బిందె నిండా నీళ్లే.
ఏడోసారికి కూడా కనబడలేదు.
చివరికి హైదరాబాదు నుంచొచ్చిన అమ్మాయి
ఖాళీ బిందెతో నడిచింది
నడుం ఒక పక్కకి వంచి, పెదవి కొరుక్కుంటూ.
అందరూ చప్పట్లు కొట్టారు.
అమ్మ కూడా, తడి చేతుల్తో.

వాళ్లెళ్లాక మసి వదలడానికి
నాలుగు సర్ఫు పేకెట్లు, రెండు ఆదివారాలు.
మసితో పాటు
పాలవాడి బాకీ గీతలూ పోయాయి గోడ మీంచి.
పాలవాడు మర్చిపోలేదు.
నెల తిరక్కుండా సన్నాసిరావొచ్చాడు:
సినిమా తీసిన ఇల్లు కదా,
ఇకనుంచి ఐదొందలెక్కువ.

ఏడాదికి బొమ్మొచ్చింది.
నాన్నని ఆటోలో కూర్చోబెట్టుకుని
జగదాంబ జంక్షన్‌కి వెళ్లాం, ఫస్ట్ షో.
తెర మీద మా కిటికీ లారీ అంత.
వానొచ్చింది, ట్యాంకరు వాన.
తల్లి ఏడ్చింది.
పక్క సీట్లో ఎవరో ముక్కు చీదారు.
వెనకాల ఎవరో
"సెట్టింగు భలే వేశార్రా" అన్నారు.
తమ్ముడు దిగ్గున లేచాడు.
చొక్కా పట్టి కూలేశాను.

అమ్మ ఆ ఏడుపు చూడ్డం లేదు.
ఆవిడ భుజం వెనక, మసగ్గా,
మా బియ్యం డబ్బా.
"మూత తీసి ఒగ్గేసినారు" అంది,
లేవబోతున్నట్టు సీట్లో ముందుకి జరిగి,
"గాలి అటేపు నుంచే వస్తంది."