సూది కన్నాలు

గుదైబియాలో మూడో అంతస్తు మాది.
కింద హంజా కోల్డ్ స్టోరు, పైన ఎవరిదో కాపురం,
మధ్యలో మేం నలుగురం, మూడు కుట్టుమిషన్లు.

ఆ మిషన్ల సంగతి పాత పాలసీలో లేదు.
"నివాసం" అని మాత్రం ఉంది.
అబద్ధమేం కాదు, నివసిస్తూనే ఉన్నాం,
మంచం మీది లైనింగు గుడ్డలు అటు జరిపి
ఇటు పడుకుంటూ.

పైవాళ్ల గీజరు పగిలిన రాత్రి
నీళ్లు సీలింగు దిగి, ట్యూబ్‌లైటు దిగి
సుభాషిణిగారి చెల్లెలి పెళ్లి జాకెట్ల మీద పడ్డాయి.
ఎరుపు కరిగి పసుపులోకి పారింది.
మర్నాడు కంపెనీ మనిషి వచ్చాడు.
తడిసిన గోడకి ఒక ఫొటో.
మిషన్లకి పదకొండు.

వారం తిరక్కుండా ఉత్తరం.
కుడి నుంచి అరబ్బీ, ఎడమ నుంచి ఇంగ్లీషు
నడుచుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకుని
ఒకే మాట అన్నాయి:
రద్దు.

"పోతే పోనీ, అది లేనప్పుడు బతకలేదా" అన్నాడు మా ఆయన,
చేపముల్లు తీసుకుంటూ.
లీజు మళ్లీ రాయాలంటే
ఇన్సూరెన్సు కాగితం జతచెయ్యమంది ఇంటావిడ.
ముల్లు అక్కడ గుచ్చుకుంది.

మొదటి ఆఫీసులో ఖర్జూరం పెట్టారు,
ఉత్తరం చూపించాక పళ్లెం వెనక్కి జరిగింది.
రెండో చోట కంప్యూటరే ఒప్పుకోదన్నారు.
మనుషులు కాదు కదా అని
దానిమీద కోపం కూడా రాలేదు.

మూడోది షిబు కొట్టు. బ్రోకరు.
ఫారం నా వైపు తిప్పాడు.
పేరు: కడలి సత్యవేణి. బాగానే ఉంది.
తొమ్మిదో ప్రశ్న:
ఇంతకుముందు ఏ సంస్థ అయినా మీ పాలసీ రద్దు చేసిందా?
అవును. లేదు.
రెండు గళ్లు, ఒక్కోటీ హుక్కు కాజా అంత.

"లేదని పెట్టేయండి చేచీ,
వాళ్లకెలా తెలుస్తుంది."
మంచి పిల్లాడు. ఏసీ గాలి నా వైపు తిప్పి మరీ చెప్పాడు.

నాకు తెలిసింది ఒకటే విద్య.
బిగుతైన జాకెట్టు వదులు చెయ్యమని తెస్తారు.
కుట్టు విప్పుతాను, దారం వచ్చేస్తుంది.
సూది కన్నాలు రావు.
నీళ్లు చిలకరించి ఎంత ఇస్త్రీ చేసినా
వెలుతురుకి పట్టుకుంటే వరసగా నిలబడతాయి.
ఎవరో ఒకరు ఎప్పుడో ఒకరోజు
వెలుతురుకి పట్టుకుంటారు.
ఆ రోజు కూడా నా ఇల్లు
తడిసే ఉంటుంది.

అవును దగ్గర గీత పెట్టాను.
కింద "వివరాలు" అని రెండు లైన్ల జాగా.
బిల్లు వెనక తెలుగులో రాసుకున్నాను ముందు:
మిషన్లు మూడు. ఇస్త్రీపెట్టె ఒకటి.
పని అయ్యాక ప్లగ్గు పీకేస్తాను.
అడగలేదు గనక చెప్పలేదు.

ఆఖరి వాక్యం కొట్టేశాను.
అడిగారు. నేనే చదవలేదు.

పన్నెండు రోజులు ఫోను మోగితే మిషను ఆపేదాన్ని.
పదమూడో రోజు ఒప్పుకున్నారు,
ఒప్పుకున్నారంటే,
ముప్పై దినార్లది యాభై ఎనిమిదయింది,
ఏ నష్టమైనా మొదటి డెబ్బై అయిదూ మాదే,
గిరాకీల బట్టలకి పూచీ లేదు,
గోడకి మంటలార్పే సిలిండరు తప్పనిసరి.

సుభాషిణిగారికి నా దగ్గర వేరే పాలసీ ఉందిలెండి.
తొమ్మిది జాకెట్లు ఉచితం. ఆరు అయ్యాయి.
ఏడోదానికి మెడ వెనక తాళ్లు కావాలంటోంది.

ఎర్ర సిలిండరు వచ్చింది,
తలుపు పక్కన, కొత్త చుట్టంలా బిగుసుకుని.
మా చిన్నది దానికి టేపు చుట్టి
నా కొలతల పుస్తకంలో రాసింది:
చాతీ పద్దెనిమిదిన్నర.
చేతులు లేవు.