నికర బరువు

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ రోడ్డు.
పందొమ్మిదేండ్ల సంది వేబ్రిడ్జి కాడ కూసున్న.
లారీ ఎక్కుతది, అంకె పడుతది.
లోడు బరువుల నుంచి ఖాళీ బండి బరువు తీసేస్తే
మిగిలేది నికరం.
ఎవల మొఖం చూసీ ఒక్క కిలో పెంచలే,
ఎవల చాయకూ ఒక్క కిలో మరిచిపోలే.
నా బరువే, నన్నెవలూ అడగలే.

అడిగింది ఓ పెన్ను.
చేతుల నుంచి జారి కుర్చీ కిందికి దొర్లింది.
వంగిన. కడుపు అడ్డమొచ్చింది. ఊపిరి ఆగింది.
కిటికీ అవతల ట్రాక్టరు పిలగాడు
లోపలికొచ్చి, తీసి, నా చేతుల పెట్టిండు
నవ్వకుండ.
నవ్వినా బాగుండు.

గందుకే ఇప్పుడు తెల్లారగట్ల అయిదింటికి
మూతపడ్డ మిల్లు తవుడు గోదాంల నిలబడ్డ.
అద్దాల్లేవు. పాటల్లేవు.
గోడల పగుళ్లల్ల ఇంకా తవుడు వాసన.
సబ్బండ ఊబకాయాలం పదకొండు మందిమి:
టైలర్ ఖదీరు, బ్యాంకుల పైసలు లెక్కవెట్టే అనసూర్య మేడం,
మోకాళ్లకు పట్టీలు చుట్టుకొచ్చే హెడ్ కానిస్టేబుల్ ఇద్దయ్య...
మమ్మల్ని ఉరికించేది రమావత్ సరోజ.
ఇరవై నాలుగేండ్లు, యాభై కిలోలు, ఒక విజిలు.
బీపీ చూపించుకున్న చీటీ లేనిదే గడప దాటనియ్యలే.

ఇరవై సెకన్లు పని, పది సెకన్లు విడుపు.
ఆ పదీ కాంటా మీద జారగొట్టిన గింజల్లెక్క
ఎటు పోతయో ఎరుకలేదు.
లేని కుర్చీల కూసోమంటది.
ఉన్న కుర్చీల పందొమ్మిదేండ్లు కూసున్నోడికి
ఆ ఇరవై సెకన్లు ఎంత పొడుగో!
జల్లెడల వడ్ల లెక్క తొడలు అదురుతయి.
బోర్ల పడాలె, లేవాలె, ఎగరాలె, మళ్ల పడాలె.
పడుడు మాకు మంచిగనే వస్తది.

రెండు చేతుల ఇసుక సంచులు పట్టి నడిచేదాన్ని
రైతు నడక అంటదామె.
నేను సీజనంతా రైతుల్ని చూసెటోణ్ణి.
వడ్లు దించి, ధర ఇన్నంక
ఖాళీ చేతుల్తోనే ఇంతకంటె బరువుగ నడుస్తరు.
ఆ మాట సరోజకు చెప్పలే.
చెప్పేటంత ఊపిరి లేదు.

మూడో దినం గోనె సంచుల ఎనక కక్కుకున్న.
నీళ్లిచ్చి అన్నది:
"ఇయ్యాల సాలు సారూ. రేపు సగమే చెయ్యి.
రాకుంటె మటుకు ఫోన్ చేస్త."
చేసింది కూడ. రెండు మాట్ల.

మిల్లుల ఊళ్లె అన్నం తగ్గించుడంటె
కాలువ గట్టు మీద దూపతోని కూసున్నట్టే.
తగ్గించిన. పన్నెండు వారాలు.
గోదాంల చిన్న మిషను లెక్క ఇదీ:
నూటారు ఉన్నోణ్ణి, నూట నాలుగైన.
చెమటంత రెండు కిలోలేనా అని
ఇద్దయ్య నాకంటె ఎక్కువ బాధపడ్డడు.

నిన్న పొద్దుగూకినంక, లారీలు లేని యాళ్ల,
చెప్పులిడిసి నా కాంటా నడుమ నిలబడ్డ.
అరవై టన్నుల మిషను. పది కిలోల లోపు దానికి లెక్కలేదు,
ఇటో అటో దగ్గరి పదికి నూకేస్తది.
చేరిన దినం గుట్టుగ ఎక్కితె నూటపది అన్నది.
ఇప్పుడు ఎర్ర అంకెలు తడబడి, తడబడి
నూరు కాడ ఆగినయి.

రెండు కిలోలకు పది కొట్టేసింది!
తప్పు లెక్కే. నాకు కాకుంటె ఎవలకు తెలుసు.
ఒక తప్పు లెక్క చూసి సంబురపడుడు
నా నౌకరీల ఇదే మొదలు.

చీటీ తీసిన.
బండి నంబరు గడిల ఏం రాయాలె?
ఖాళీ బండి బరువు?
ఆ గడులు అట్లనే ఇడిసి, చీటీ జేబుల పెట్టబోతె
పెన్ను మళ్ల జారింది.

వంగిన.
కడుపు ఇంకా అడ్డమే ఉన్నది.
ఊపిరి మటుకు ఆగలే.