చెయ్యి ఊపితే వెలిగే గది

మొదటి మంగళవారం ఎనిమిది కుర్చీలు వేశాను.
గుండ్రంగా వేస్తే పంచాయితీలా ఉందని
మళ్ళీ లాగి అర్ధచంద్రం చేశాను.
జీలాంగ్ ఊరి ఉత్తరపు అంచు, నోర్లేన్‌లో
కమ్యూనిటీ హౌస్, మూడో నంబరు గది.
పక్క హాల్లో జుంబా క్లాసు.
గోడ అవతల నుంచి ఒకటీ రెండూ మూడూ నాలుగూ,
ఇవతల అంకెల్లేవు.

ఎవరూ రాలేదు.
ఏడున్నరకి దీపం ఆరిపోయింది.
గదిలో కదలిక లేకపోతే
మనుషులు లేరనుకుంటుందట, పొదుపు దీపం.
చీకట్లో చెయ్యి ఊపాను. వెలిగింది.
ఎనిమిది ఖాళీ కుర్చీలకి
టాటా చెప్పినట్టయింది.

రెండో వారం డెస్మండ్ వచ్చాడు.
ఫోర్డు ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంజిన్లు బిగించాడు.
అది మూతపడ్డాక
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.
తలుపుకి నేనంటించిన కాగితం చదివి
ఇక్కడ కౌన్సిల్‌కి ఫిర్యాదులు రాసిపెడతారనుకున్నాడు.
ఎదురింటివాళ్ళ చెత్తడబ్బా, తన గేటు ముందు, మూడు వారాలుగా.
సరే రాద్దాం, కూర్చోండన్నాను.
మూత ఏ రంగు?
పచ్చ.
గాలికి ఎలా మోగుతుంది?
ఆయన ఆగాడు. చాలాసేపు ఆగాడు.
"మా డబ్బా మూతమీద మా ఆవిడ ఒక ఇటుక పెట్టేది."

ఆ ఫిర్యాదు ఇంతవరకూ కౌన్సిల్‌కి చేరలేదు.
ప్రస్తుతం నలభయ్యో పేజీలో ఉంది.

పగలు నా పని రక్తం తీయడం.
పిడికిలి బిగించండి, ఇక వదలండి, అయిపోయింది,
అని రోజుకి అరవైసార్లంటాను.
మంగళవారం సాయంత్రం కూడా
నోటికి అదే వస్తుంది.
టెగన్ నవ్వుతుంది. పదిహేడేళ్ళ పిల్ల,
వాళ్ళమ్మ కోటు వేసుకొస్తుంది,
దాని కథల్లో అందరూ మూడో పేజీకల్లా చచ్చిపోతారు.
ఎ పా టమాటా షెడ్డు నుంచి నేరుగా వస్తుంది,
గోళ్ళల్లో ఆకుపసరు.
ఆమె కరెన్ అక్షరాలూ నా తెలుగూ
ఒకే కుమ్మరి సారె మీంచి దిగినట్టుంటాయి.
ఓసారి నోటుబుక్కులు తారుమారైతే
ఏది ఎవరిదో డెస్మండ్ చెప్పలేకపోయాడు,
మేమిద్దరం చాలా గర్వపడ్డాం.

అందరూ ఉండిపోయారని చెప్పను.
లోర్నా టీచరుగా రిటైరైంది, ఎర్రపెన్ను మాత్రం రిటైరవలేదు.
"నిన్న మా ఊరు వెళ్తాను" అని ఎ పా ఇంగ్లీషులో రాసుకొస్తే
గీత గీసింది: నిన్న అయితే వెళ్ళాను. వెళ్తాను కాదు.
నేను మాట్లాడవలసింది.
బిస్కెట్ల పళ్ళెం సర్దుతూ ఉండిపోయాను.
మూడు వారాలు ఎ పా కుర్చీ ఖాళీ.
నాలుగోవారం ఆమెను
కారులో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చింది డెస్మండ్.
"నిన్నకి నేనూ రోజూ వెళ్తాను" అన్నాడు,
లోర్నాతో కాదు, ఎవరితోనూ కాదు,
జేబుల్లోంచి చేతులు తీస్తూ.

లోర్నా బెల్మాంట్‌లో వేరే గుంపు పెట్టుకుంది.
అక్కడ కుర్చీలకి మెత్తలున్నాయట.

నిన్న పదమూడుమందిమి.
కుర్చీలు చాలక టెగన్
పాలసీసాల క్రేటు బోర్లించుకుని కూర్చుంది.
నన్ను చదవమన్నారు. తెలుగులోనే చదివాను.
అర్థం కాలేదు, ఆ "గుబులు" అన్న మాట మళ్ళీ చెప్పమన్నారు.
చెప్పాను. వాళ్ళూ అన్నారు, తలా ఓరకంగా.
ఆ తర్వాత పది నిమిషాలు రాసుకోవడం.

జుంబాకి సెలవు. గోడ నిశ్శబ్దం.
వంగిన తలలు, కదలని భుజాలు,
వేళ్ళ కదలిక ఆ దీపానికి ఆనదేమో,
ఉన్నట్టుండి ఆరిపోయింది.

ఎవరూ చెయ్యి ఊపలేదు.
చీకట్లో ఎవరో
పేజీ తిప్పారు.